ఏనుగును చూడ్డానికి పోతున్నారా? పాలమూరు, నల్లగొండ ప్రయాణికులకు సమగ్ర మార్గదర్శి

దక్షిణ తెలంగాణలో అడవి ఏనుగు లేదు. అమ్రాబాద్ అడవిలో పులి ఉంది, చిరుత ఉంది, ఎలుగుబంటి ఉంది. ఏనుగు మాత్రం లేదు. మనకు ఏనుగంటే ఊరేగింపులో గంట మోగించుకుంటూ వచ్చేది, తొండం నెత్తిన పెట్టి దీవించి, ఇచ్చిన పది రూపాయలు మావటి చేతికి అందించేది. అదే అలవాటుతో అడవి ఏనుగులు తిరిగే కర్ణాటకలోని కబిని జలాశయం ఒడ్డుకు వెళ్తే ప్రమాదం, మచ్చిక ఏనుగుల శిబిరానికి వెళ్తే ఏనుగుకు హింస. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఒక్క ఏనుగు, ఒక్క రోజు తేడాలో ఇద్దరు రైతులను చంపింది. అడవి ఏనుగు ఎదురైతే ఏం చేయాలన్నది మన ఊళ్లలో ఎవరికీ అనుభవంలో లేని విషయం.

టికెట్లు, హోటళ్ల కంటే ముందు ఒక కొలబద్ద పెట్టుకోండి: మీరు అక్కడికి వచ్చినందుకు ఏనుగు తన పని మార్చుకోవాల్సి వచ్చిందా? మేస్తున్నది మేత ఆపిందా, నీళ్లు తాగుతున్నది తిరిగి చూసిందా, నిద్రపోవాల్సినది మీ ఫొటో కోసం నిలబడిందా? అయితే ఎక్కడో తప్పు జరిగినట్టే. కింద చెప్పినవన్నీ ఈ ప్రశ్నకు జవాబులే.

మొదటి అడుగు: పేరు చూసి మోసపోవద్దు

"ఏనుగుల అభయారణ్యం" అని బోర్డు పెట్టుకున్నవన్నీ ఒకటి కావు. మన దేశంలో అభయారణ్యం అన్నది చట్టంలో ఉన్న మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ప్రభుత్వం ప్రకటించిన అడవికే ఆ పేరు చెల్లుతుంది. చిత్తూరు జిల్లా పలమనేరు పక్కనున్న కౌండిన్య అలాంటిదే. కర్ణాటకలోని నాగర్‌హోళె, బందీపూర్ జాతీయ ఉద్యానాలు, పులుల రిజర్వులు కూడా. వీటిలో ఏనుగు స్వేచ్ఛగా తిరుగుతుంది, బండిలో బందీగా కూర్చునేది మీరే. అలాగే ఉండాలి కూడా.

రెండో రకం అటవీ శాఖ నడిపే ఏనుగుల శిబిరం. కర్ణాటకలో కొడగు దగ్గర కావేరి ఒడ్డున దుబారె, శివమొగ్గకు 14 కిలోమీటర్ల దూరంలో తుంగ బ్యాక్‌వాటర్ పక్కన సక్రెబైలు, తమిళనాడు ముదుమలైలో 1917 నుంచి ఉన్న తెప్పకాడు ఈ కోవలోవి. ఇక్కడివి మచ్చిక చేసిన ఏనుగులు. పొలాల మీద పడే అడవి ఏనుగులను తరమడానికి, పట్టుకోవడానికి వాడే కుంకీలు కూడా వీటిలోనే ఉంటాయి. 2025 మేలో కర్ణాటక ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన నాలుగు కుంకీలు ఇలాంటి శిబిరాల్లో తర్ఫీదైనవే.

మూడోది పునరావాస కేంద్రం. సర్కస్‌ల నుంచి, భిక్షాటన నుంచి విడిపించిన ఏనుగులను ఉంచే చోటు. ఉత్తరప్రదేశ్‌లోని మథుర దగ్గర అలాంటిది ఉంది, 2018లో దాని పక్కనే ఏనుగుల ఆసుపత్రి కూడా పెట్టారు.

నాలుగోదానితోనే జాగ్రత్త. మున్నార్, జైపూర్ లాంటి చోట్ల ప్యాకేజీ టూరు వాళ్లు చివరి పూట కలిపే ప్రైవేటు "ఎలిఫెంట్ పార్కు". పేరు ఏదైనా పెట్టుకోవచ్చు. ముందే ఫోన్ చేసి ఈ నాలుగు అడగండి: సవారీ ఉందా? సందర్శకులు ఏనుగుకు స్నానం చేయిస్తారా? బంతి ఆట, బొమ్మ గీయడం లాంటివి చేయిస్తారా? రాత్రి ఏనుగులను ఎక్కడ ఉంచుతారు? మొదటి మూడింటిలో ఒక్కదానికి "ఉంది సార్, టికెట్ ఇంత" అని హుషారుగా జవాబొచ్చినా ఆ చోటు వదిలేయండి. నాలుగోదానికి సూటిగా జవాబు చెప్పలేని చోటూ అంతే.

రెండో అడుగు: ఎక్కడికి, ఏ నెలలో

అడవి ఏనుగును చూడాలంటే మన జిల్లాల నుంచి అన్నిటికంటే నమ్మకమైన చోటు కబిని. నాగర్‌హోళె, బందీపూర్ అడవుల మధ్య కబిని జలాశయం ఉంది. మార్చి నుంచి మే దాకా అడవిలోని కుంటలు ఎండిపోతాయి. అదే సమయంలో జలాశయంలో నీళ్లు వెనక్కి తగ్గి, తేలిన నేల మీద పచ్చగడ్డి మొలుస్తుంది. నాగార్జునసాగర్ వెనక నీళ్లు తగ్గినప్పుడు తేలే భూమి చూసినవాళ్లకు ఈ దృశ్యం సులువుగా అర్థమవుతుంది. నీళ్లు, గడ్డి ఒకే చోట దొరకడంతో ఏనుగుల గుంపులన్నీ అక్కడికే దిగుతాయి. ఎండ ఎక్కువే, కానీ మన మే నెల ఎండ చూసినవాళ్లకు అదొక లెక్క కాదు. వానలు పడ్డాక అడవి అందంగా ఉంటుంది గానీ ఏనుగులు లోపలికి చెదిరిపోతాయి, ఆకు గుబురుగా ఉండి పది గజాల్లో ఉన్నదీ కనపడదు.

దుబారె లాంటి శిబిరం చూడాలనుకుంటే దసరా ముందు రెండు నెలలు వెళ్లకండి. మైసూరు దసరా ఏనుగుల ఊరేగింపు జంబూ సవారీ కోసం కర్ణాటక శిబిరాల్లోని మేటి ఏనుగులను ఆగస్టులోనే మైసూరుకు తీసుకెళ్తారు. 750 కిలోల అంబారీ మోయడానికి వాటికి అక్కడ రోజూ నడక సాధన ఉంటుంది. ఆ రోజుల్లో శిబిరానికి వెళ్లి "ఏనుగులేవీ లేవు" అని తిట్టుకుంటూ తిరిగొచ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

కౌండిన్య గురించి ఒక మాట సూటిగా. పేరు విని అందరూ అడుగుతారు, మన తెలుగు నేల మీద ఉన్న ఏనుగుల అభయారణ్యం కదా అని. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు అక్కడికి వచ్చి స్థిరపడ్డాయి, 1990లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. కానీ అది కబినిలా సఫారీ అడవి కాదు. అక్కడ ఏనుగు ఎక్కువగా కనిపించేది రాత్రిపూట, పొలం గట్టున, రైతు టపాసులు కాలుస్తుంటే. దాన్ని చూడ్డానికి కారేసుకుని ఊరి అంచుకు పోవడం ఆ రైతుకూ, ఏనుగుకూ, మీకూ చేటు. పలమనేరు వెళ్తే కైగల్ జలపాతం చూడండి, అనుమతి లేకుండా అడవిలోకి దిగకండి.

పిల్లలు మూడేళ్లలోపు వాళ్లైతే ఇంత ప్రయాణం వద్దు. హైదరాబాద్ జూ చాలు. సోమవారం సెలవు.

మూడో అడుగు: ప్రయాణం, టికెట్లు

పాలమూరు వాళ్లకు దారి సులువు. కాచిగూడ నుంచి మైసూరు వెళ్లే ఎక్స్‌ప్రెస్ మహబూబ్‌నగర్, గద్వాల మీదుగానే పోతుంది. రాత్రి ఎక్కితే మర్నాడు మైసూరులో ఉంటారు. కారులో అయితే జడ్చర్ల నుంచి 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా బెంగళూరు దాకా, సుమారు 500 కిలోమీటర్లు. నల్లగొండ వాళ్లు హైదరాబాద్ వచ్చి రైలెక్కడమే మేలు. పలమనేరు వైపు అయితే నారాయణాద్రి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా తిరుపతి చేరుస్తుంది, అక్కడి నుంచి చిత్తూరు మీదుగా బస్సు.

సఫారీ టికెట్ చేతికొచ్చాకే రైలు టికెట్ తీయండి, తిరగేసి చేయకండి. దీనికి కారణం ఉంది. పులి దాడుల్లో మనుషులు చనిపోయాక 2025 నవంబరులో బందీపూర్, నాగర్‌హోళెల్లో సఫారీలను ప్రభుత్వం ఆపేసింది. వేసవిలో అడవి తగలబడే ప్రమాదం ఉన్నా ఇలాగే మూస్తారు. అటవీ శాఖ వెబ్‌సైటులో బుకింగు తెరిచి ఉందో లేదో చూసి, తర్వాతే మిగతా ఏర్పాట్లు చేసుకోండి. టికెట్‌లో ఉన్న పేరు, గుర్తింపు కార్డు మీద పేరు ఒకటిగా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండే మన కార్డులతో గేటు దగ్గర వాదన పెట్టుకోవడం కంటే ముందే ఒకేలా రాసుకోవడం నయం.

సఫారీలు ఒకటి కాదు, కనీసం రెండు బుక్ చేసుకోండి: ఒక మధ్యాహ్నం, మర్నాటి ఉదయం. ఏనుగు కోసమే అయితే వేసవిలో మధ్యాహ్నం మూడు తర్వాతిదే మంచిది. ఎండకు నీళ్లకోసం గుంపులు ఒడ్డుకు దిగేది అప్పుడే. ఒక్కటే బుక్ చేసుకున్నవాళ్లు ఏనుగు కనపడకపోతే డ్రైవర్ మీద ఒత్తిడి తెస్తారు, అతను బండిని గుంపుకు మరీ దగ్గరగా నడుపుతాడు. చాలా తప్పులు ఇక్కడే మొదలవుతాయి.

తెప్పకాడు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. అది నీలగిరి జిల్లా. 2024 మే నుంచి ఆ జిల్లాలోకి బయటి బండ్లకు ఈ-పాస్ ఉండాలి, ప్లాస్టిక్ నీళ్ల సీసాలు చెక్‌పోస్టు దగ్గరే తీసేస్తారు. బందీపూర్, ముదుమలై అడవి రోడ్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటాయి. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు గేటు పడ్డట్టే. మైసూరులో భోజనం ముగించి నింపాదిగా బయలుదేరితే అడవికి ముందున్న గుండ్లుపేటలోనే పడుకోవాల్సి వస్తుంది.

పిల్లలు ఉంటే ఈ ప్రయాణానికి నెల ముందు మన్ననూరు నుంచి ఫర్హాబాద్ సఫారీకి ఒకసారి తీసుకెళ్లండి (వానాకాలంలో మూసేస్తారు, అడిగి వెళ్లండి). రెండు గంటలు గొంతు తగ్గించి కూర్చోవడం అక్కడ అలవాటు చేస్తే కబినిలో పని సులువవుతుంది.

సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

మట్టి రంగు, ఆకుపచ్చ, గోధుమ రంగు బట్టలు. తెలుపు, ఎరుపు వద్దు. 8x32 లేదా 8x42 బైనాక్యులర్ ఒక్కటి ఉంటే ఇంటిల్లిపాదికీ చాలు. అంతకంటే ఎక్కువ జూమ్ ఉన్నవి కదిలే బండిలో చేతిలో నిలవవు. స్టీలు సీసాలో మనిషికి లీటరున్నర నీళ్లు.

ఏనుగుకు చూపు అంతంతమాత్రమే, ముక్కు మాత్రం మహా చురుకు. సెంటు, అత్తరు, ఘాటైన తలనూనె ఆ పూట మానేయండి. మల్లెపూలు కూడా, అమ్మలు కోప్పడినా సరే. బత్తాయిలు, అరటిపళ్లు, బెల్లం, సకినాల డబ్బాలు అడవిలోకి వెళ్లే బండిలో పెట్టొద్దు. నల్లగొండ వాళ్లకు కారులో బత్తాయిల సంచి లేకుండా ప్రయాణం ఉండదని తెలుసు, అయినా దాన్ని బసలోనే దింపండి. తొక్క ఒకటి కిటికీలోంచి పడేస్తే ఏమవుతుందనుకోవద్దు. పదిమంది పడేస్తే ఆ మలుపు దగ్గర ఏనుగు రోజూ కాచుకుని ఉంటుంది, పదకొండో బండి అద్దంలోకి తొండం పెడుతుంది. ఆ తర్వాత ఆ ఏనుగుకు "రౌడీ" అని పేరు పెట్టి పట్టుకెళ్తారు.

సఫారీ బండిలో: ఏనుగు ఏమంటోందో చదవడం

గుంపును నడిపేది వయసు మళ్లిన ఆడ ఏనుగు. గుంపు కనపడగానే పిల్లల కోసం కాదు, ముందు ఈ పెద్దామె కోసం చూడండి. ఆమె చెవులు తీరిగ్గా విసురుకుంటూ, తోక ఆడిస్తూ మేస్తుంటే అంతా బాగున్నట్టు. చెవి విసరడం ఒళ్లు చల్లబరచుకోవడానికే. చెవులు ఉన్నట్టుండి ఆగిపోయాయంటే వింటోంది. తొండం చివర మీ వైపు ఎత్తిందంటే వాసన చూస్తోంది. ఒక ముందరి కాలు ఊపుతూ నిలబడితే ఏం చేయాలో తేల్చుకుంటోంది. మట్టి లేపి చల్లుకోవడం, గడ్డి పీకి తినకుండా పడేయడం, పెద్దవాళ్లు పిల్లలను మధ్యలోకి నెట్టి గోడలా నిలబడటం కనిపిస్తే ఇక వెనక్కి వెళ్లమన్నట్టే. డ్రైవర్‌కు మెల్లగా "చాలు, పోదాం" అని చెప్పండి.

తల ఎత్తి, చెవులు విప్పి, ఘీంకరిస్తూ నాలుగడుగులు ముందుకొచ్చి ఆగేది ఎక్కువగా బెదిరింపు. చెవులు వెనక్కి అదిమి, తొండం లోపలికి చుట్టి, చప్పుడు లేకుండా వచ్చేది బెదిరింపు కాదు.

ఒంటరి మగ ఏనుగు కనిపిస్తే కంటికీ చెవికీ మధ్య చూడండి. అక్కడ నల్లగా తడిచార కారుతూ, వెనక కాళ్లు మూత్రంతో తడిసి ఉంటే మదంలో ఉన్నట్టు. దాని దగ్గర బండి ఆపనే కూడదు. ఒక పొరపాటు తరచూ వింటాం, దంతాలు లేవు కాబట్టి ఆడదని. మన ఏనుగుల్లో ఆడవాటికి పెద్ద దంతాలు ఉండవు నిజమే, కానీ దంతాలు లేని మగవీ ఉంటాయి, వాటిని మఖ్నా అంటారు.

దూరం సంగతి. నాలుగు ఆర్టీసీ బస్సులు వరుసగా నిలబెట్టినంత, అంటే సుమారు 50 మీటర్లు, కనీసం ఉంచండి. ఫ్లాష్ ఆపేయండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, నిలబడొద్దు, ఈల వేయొద్దు. తనివి తీరకపోయినా పది నిమిషాలకు కదలండి, వెనక వేరే బండ్లున్నాయి.

సొంత కారులో అడవి రోడ్డు మీద

ఏనుగు రోడ్డుకు అడ్డంగా ఉంటే దూరంగానే ఆపండి, వెనక్కి వెళ్లే చోటు ఉంచుకోండి. హారన్ వద్దు, హైబీమ్ వద్దు, ఇంజిన్ రెచ్చగొట్టొద్దు. ఒక ఏనుగు దాటగానే కదలకండి. ముందు పోయింది తల్లి అయితే పిల్ల ఇంకా ఇటు పక్కనే ఉండొచ్చు, ఇద్దరి మధ్యకి కారు పోనివ్వడం కంటే పెద్ద తప్పు లేదు. కిందికి దిగి సెల్ఫీ తీసుకున్నవాళ్లు చచ్చిపోయిన సంగతి పేపర్లలో చదువుతూనే ఉంటాం. ఏనుగు వాలులో దిగలేదు, కాబట్టి కిందికి పరిగెత్తమని పెద్దలు చెప్పే మాట నమ్మకండి. కొండల్లో తిరిగే జంతువు అది, మనిషి కంటే వేగంగా దిగుతుంది.

శిబిరంలో ఏం చూడాలి

శిబిరానికి ఉదయం తొందరగా చేరండి. సక్రెబైలులో ఎనిమిదిన్నర ప్రాంతంలో స్నానాలు మొదలై, పదకొండు కల్లా ఏనుగులు మళ్లీ అడవిలోకి వెళ్లిపోతాయి. ఈ వెళ్లిపోవడమే మంచి గుర్తు. కర్ణాటక, తమిళనాడు శిబిరాల్లో చాలా ఏనుగులను రాత్రి అడవిలోకి మేతకు వదులుతారు. కాలికి ఒక పొడవాటి గొలుసు కట్టి, దాని కొసను ఊరికే నేల మీద ఈడ్చుకుపోయేలా వదిలేస్తారు. తెల్లారి మావటి ఆ గొలుసు గీత పట్టుకుని, మధ్యలో పేడ చూసుకుంటూ వెతుక్కుంటూ పోయి తోలుకొస్తాడు. కాబట్టి కాలికి గొలుసు కనపడగానే హింస అని తీర్పు చెప్పకండి. గొలుసు కింద చర్మం చూడండి. నున్నగా ఉందా, పుండు పడి ఈగలు ముసురుతున్నాయా అన్నదే అసలు సంగతి.

తర్వాత పాదాలు. ముందు కాలికి ఐదు గోళ్లు, వెనక కాలికి నాలుగు ఉంటాయి. గోళ్లు చీలి, అంచుల్లో చీము కనిపిస్తే ఆ ఏనుగు చాలా కాలంగా సిమెంటు నేల మీద, సొంత పేడ, మూత్రంలోనే నిలబడుతోందన్నమాట. బోనులోనో గొలుసుతోనో బతికే ఏనుగులను ఎక్కువగా తినేసే జబ్బు ఈ కాళ్ల జబ్బే. అందుకే నేల మట్టిదా, సిమెంటుదా అన్నది చూడకుండా రాకండి. చెవి వెనక, నెత్తి మీద అంకుశం గాయాలు తాజాగా ఉన్నాయేమో చూడండి. ఆ తర్వాత ఐదు నిమిషాలు కదలకుండా ఒక ఏనుగునే గమనించండి. గాలిలో ఏ పాటా లేకుండా ఒకే లయలో అటూ ఇటూ ఊగుతూ, తల ఆడిస్తూ ఉంటే అది నాట్యం కాదు. ఏళ్ల తరబడి ఒకే చోట కట్టేసిన దిగులుకు అలవాటైన ఊగుడు.

కొన్ని మాత్రం తప్పుగా అర్థం చేసుకోకండి. చెవుల మీద, తొండం మీద గులాబీ రంగు మచ్చలు వయసుతో వచ్చేవి, రోగం కాదు. ఒంటి నిండా బురద, దుమ్ము ఉండటం నిర్లక్ష్యం కాదు, ఎండకూ ఈగలకూ అది ఏనుగే పూసుకునే కవచం.

వద్దని చెప్పాల్సినవి

సవారీ ముందు. ఏనుగంత బలమైనదానికి నలుగురు మనుషులు ఒక లెక్కా అంటారు. దాని వెన్నుపూసల కొనలు పైకి పొడుచుకుని ఉంటాయి, మనం కుర్చీ కట్టేది సరిగ్గా వాటి మీదే. బలం కాళ్లలో ఉంది, వీపులో కాదు. పైగా ఎక్కించుకునే దాకా అణచడానికి పిల్ల ఏనుగును ఏం చేస్తారో సవారీ టికెట్ మీద రాయరు.

నీళ్లలో దిగి ఏనుగును తోమడం బయటికి ముద్దుగా కనిపిస్తుంది. ఏనుగు పక్కకు ఒరిగితే కింద పడేది పిల్లలే. రోజుకు వందమంది తోముతుంటే దాని స్నానం స్నానం కాదు, షిఫ్టు డ్యూటీ. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు అసలే దగ్గరికి పోవద్దు. మనుషుల క్షయ ఏనుగులకు అంటుకుంటుంది.

మేత కూడా మీరు పెట్టొద్దు. శిబిరంలో దాని కొలత దానికుంది: ఉడికించిన రాగి ముద్ద, ఉలవలు, బెల్లం, ఉప్పు, ఒక్కోదానికి వయసునూ బరువునూ బట్టి. తెప్పకాడులో మావటి ముద్దను రెండు చేతులతో నేరుగా నోట్లో పెట్టడం గీత వెనక నిలబడి చూడొచ్చు, చూడాల్సిన దృశ్యం కూడా. దాని పైన వందమంది తలా ఒక అరటి గెల, బెల్లం దిమ్మ ఇస్తే పొట్ట చెడేది ఏనుగుకు, నిందపడేది మావటికి.

ఇక వెంట్రుక ఉంగరం. ఏనుగు తోక వెంట్రుకతో ఉంగరం చేయించి పెట్టుకుంటే దిష్టి తగలదని మన దగ్గర గట్టి నమ్మకం. శిబిరానికి వెళ్లి మావటిని చాటుగా అడిగేవాళ్లు ఎంతమందో. తోక చివర వెంట్రుకలు ఈగలు తోలుకోవడానికి ఉన్నవి, వాటిని పీకుతారు లేదా కోస్తారు. తోక కుచ్చు బోడిగా ఉన్న ఏనుగును చూస్తే ఆ శిబిరంలో ఈ బేరం నడుస్తోందని తెలిసిపోతుంది. వన్యప్రాణి చట్టంలో అత్యంత గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఏనుగు ఉంది. దంతమే కాదు, వెంట్రుక కొన్నా, అమ్మినా కేసే. దారిలో దుకాణాల్లో "ఒరిజినల్" అని అమ్మేవాటిలో ఎక్కువ నైలాన్ దారాలు, అది వేరే సంగతి.

మావటికి ఏమైనా ఇవ్వాలనిపిస్తే, అక్కడి నిబంధన ఒప్పుకుంటే, పని అయిపోయాక ఆయన చేతికే ఇవ్వండి. తొండానికి నోటు అందించొద్దు. ఆయనను ఏనుగు పేరు, వయసు, దానికి ఇష్టమైన మేత అడగండి. ఓపిగ్గా చెప్తారు. వచ్చీరాని హిందీ చాలు.

తప్పు కనిపిస్తే

అక్కడే గొడవ పెట్టుకోవద్దు. ఏనుగు పక్కన అరుపులు ఇంకో ప్రమాదం. పుండు, గొలుసు, నేల, నీళ్ల తొట్టి కనిపించేలా దూరం నుంచి నాలుగైదు ఫొటోలు తీయండి. తేదీ, సమయం, చోటు, ఏనుగు పేరు రాసుకోండి. ఎడమ ముందు కాలా, కుడి వెనక కాలా అన్నదీ రాయండి, పశువైద్యుడికి ముందు కావాల్సింది అదే. బసకు వచ్చాక ఆ డివిజన్ అటవీ అధికారికి ఈ-మెయిల్ పంపండి. ప్రైవేటు పార్కులో సవారీ నడుస్తుంటే భారత జంతు సంక్షేమ మండలికీ ఒక ప్రతి పెట్టండి. సవారీకి, ప్రదర్శనకు వాడే ఏనుగులను ఆ మండలి దగ్గర నమోదు చేయించాలి. నమోదు పత్రం చూపించమని కౌంటర్ దగ్గర మర్యాదగా అడగండి. చూపించకపోతే ఆ విషయమూ మెయిల్‌లో ఒక వాక్యంగా రాయండి.